సుట్ట తిరగేసిన మీటింగు

"మామ్మా, ఫోన్లో రికార్డింగు ఆన్ చేసాను. రేపు మనూర్లో గ్రామసభ నేనే పెట్టాలి కదా, నా మొదటి మీటింగు. మీటింగుల్లో జనం నోటితో చెప్పకండా మనసులో మాట ఎలగ బయటపెడతారో కనిపెట్టాలని ట్రైనింగులో నేర్పారు. నీ కాలంలో ఎలగుండేదో చెప్పవా?"

సెప్తాను గానీ, ముందు నా సుట్టలెక్కడ దాసినావో నువ్వు సెప్పు. దూలం సందులో పెట్టినాను, నేవు. సోళ్ళ బుట్టలో సూసినాను, నేవు. డాకటేరు మానీమన్నాడు, నిజమే. నిప్పు లోపలికి పెట్టుకోని కాల్చీ కాల్చీ అంగిట్లో తెల్లమచ్చ వొచ్చింది, మానీకపోతే కోసీవలసొత్తాదన్నాడు. నానూ ఇన్నాను, సెవిటిదాన్నా? అయినా గుంటప్పట్నుంచీ ఉన్న అలవాటు, ఇప్పుడు ఉత్త నోరెట్టుకోని కూకోమంటే ఎలగే? ఒక్కటి ఇవ్వు. సగం. ఇవ్వవు. నాకు తెలుసు, అచ్చంగా మీ అమ్మ పోలిక. ఆయమ్మా ఇంతే, ఒక మాట అనుకున్నాదంటే కొండ కదులుతాది గానీ తను కదలదు.

ఇలగ రా, సాప మీద కూకో. ఊరికే కూకోకు, ఈ ఎండిన కాఫీ గింజల్లో నల్లవి ఏరు. సేతులకి పనుంటేనే నాకు మాటొత్తాది. ఆ జోడు ఇప్పీసి రావే, సాప మీదకి జోళ్ళతో వొత్తారేటి? ఎందుకలగ దాని వారు పట్టుకోని లాగుతన్నావు? తెగిపోతే మళ్ళీ సంత రోజు దాకా ఉత్త కాళ్ళే నీకు.

ఏటన్నావు? ఆఁ, మీటింగులు. ట్రైనింగు. నిన్న ఫోన్లో బొమ్మలు సూపించినావు గదా, మనిసి సేతులు కట్టుకుంటే ఒక అర్థం, కాలు మీద కాలేసుకుంటే ఒక అర్థం అనీసి. సేతులు కట్టుకోని కూకున్నోడు ఒప్పుకోనట్టంట! ఓలమ్మో! ఈ పుష్యమాసం సలిలో, ఈ కొండల మీద, సేతులు కట్టుకోకండా కూకున్నోడెవడే? మీ తాత పెళ్ళిపీటల మీద కూడా సేతులు కట్టుకోనే కూకున్నాడు, తాళి కట్టడానికి ఒకపాలి ఇప్పినాడు, మళ్ళీ కట్టీసుకున్నాడు. అంటే నన్ను ఒప్పుకోనట్టా? బాగుంది. కళ్ళల్లోకి సూడనోడు అబద్ధం ఆడతన్నట్టంట. మా మావగారు సచ్చిపోయీదాకా నాను ఆయన కళ్ళల్లోకి సూడనేదు. ఆయన కళ్ళు ఎలగుంటాయో నాకు తెల్దు. మరి నాను బతుకంతా అబద్ధాలే ఆడినానా? ముందుకి వొంగి కూకుంటే శ్రద్ధగా ఇంటన్నట్టంట. మన కిందింటి బుద్దయ్య ఎప్పుడూ ముందుకే వొంగి కూకుంటాడు, పాపం ఆడికి నడుం నొప్పి. ఆడి దగ్గరికెళ్ళి బాగా ఇంటన్నావు నాయనా అంటారు గావాల మీవోళ్ళు.

నవ్వకు. నాకు ఒళ్ళు మండిపోతన్నాది, నువ్వు నవ్వుతన్నావు.

ఆ బొమ్మలు గీసినోళ్ళు మంచోళ్ళే అయుంటారు. కాదన్ను. కానీ ఆళ్ళూరి బొమ్మలు ఆళ్ళూరికి. మనూరికి వొచ్చి సూడాల గదా. ఎవులైనా ఒకసారొచ్చి, అమ్మా మీరు వద్దనుకుంటే ఏటి సేత్తారు అని అడిగినారా? అడగరు. టీ తాగీసి ఎలిపోతారు.

మా మావగారి కాలంలో మీటింగు అనీ మాటే నేదు. పెద్దలు కూకుంటారు అనీవోరు, అంతే. సాయంత్రం కళ్ళంలో నెగడు ఏసీవోరు. మొగోళ్ళందరూ దాని సుట్టూ గొంతుక్కూకునీవోరు. ఏదైనా పని మాట వొచ్చిందనుకో, ఎవురొప్పుకున్నారు ఎవురొప్పుకోనేదు అని అడగనక్కర్నేదు. నచ్చినోడు మంటకి మొహం పెట్టి కూకుంటాడు. నచ్చనోడు మెల్లగా లేసి, నడుం కాసుకుంటన్నట్టు వీపు మంటవైపు తిప్పీసి కూకుంటాడు. నోరిప్పడు. అలగ వీపులు ఎక్కువైపోనాయంటే మా మావగారు గొంతు సవరించుకోని, "ఈ ఏడు సామలు ఎలగున్నాయిరా" అని మాట మార్చీసీవోడు. అయిపోనాది. ఆ మాట మరి ఎత్తడు. ఎవుడూ నెగ్గనేదు, ఎవుడూ ఓడిపోనేదు, మర్నాడు అందరూ ఒకే గెడ్డకి స్నానానికి ఎల్తారు.

ఇంక ఆడోళ్ళం. మేం మంట దగ్గరికి రాం, ఎనక గోడవార కూకుంటాం. మాకు సుట్టలుండీవి. హుకుంపేట సంతలో పొగాకు కట్ట ఒక తవ్వెడు సామలకిచ్చీవోరు అప్పుడు. ఇప్పుడు అదే కట్టకి ఏటడుగుతన్నారో తెలుసా? పోనీలే, కొనీదాన్ని కూడా కాదు గదా ఇంక. ఏటి సెప్తన్నాను? ఆఁ, సుట్ట. మామూలుగా కబుర్లాడుకునీటప్పుడు సుట్ట నిప్పు బయటికే ఉంటాది, అందరిలాగే. సేన్లో పనుంటే, వానొత్తంటే, నిప్పు లోపలికి పెట్టీసుకుంటాం. అడ్డపొగ అంటారు గదా, అదే. గాలికి ఆరిపోదు, సేతులు ఖాళీగా ఉంటాయి. కానీ పెద్దలు కూకున్న కాడ, ఎవుడో లేసి ఏదో అడిగి "ఏటమ్మా, మీరేటంటారు" అన్నప్పుడు, నోట్లో సుట్ట తీసి, ఆడు సూత్తండగా నిప్పు లోపలికి తిరగేసి, పెదాలు మూసీసినామనుకో, దానికి ఒకటే అర్థం. మాకిట్టం నేదు, నువ్వింక ఆ మాట ఎత్తకు అని. నోట్లో నిప్పెట్టుకున్నదాన్ని మాటాడమని ఎవుడడుగుతాడు? సిన్న గుంటల్నించి ముసిలోళ్ళ దాకా మనూర్లో అందరికీ తెలుసు ఈ సంగతి.

మా సిన్నసెల్లి కోసం పాచిపెంట నుంచి ఒకాయన వొచ్చినాడు, కొడుక్కి సేసుకుంటామనీసి. మంచోడే. ఒక పనసకాయ ఎత్తుకోని కొండలన్నీ దిగి ఎక్కి వొచ్చినాడు. మా అమ్మ అంబలి పోసింది, తాగినాడు. తాగీసి మాటెత్తినాడు. సెల్లికి ఇట్టం నేదు, అది తలుపు సాటునుంచి మా అమ్మవైపు సూసింది, అంతే. మా అమ్మ సుట్ట తిరగేసింది. నాను తిరగేసినాను. మా పిన్ని తిరగేసింది. ఆయన మా ముగ్గుర్నీ సూసీసి, "మీ అల్లం బాగా ఊరినట్టుందమ్మా" అన్నాడు. అల్లం గురించి ఎంతసేపు మాటాడినాడో తల్లీ! మళ్ళీ ఎప్పుడు సంతలో కనబడినా "బాగున్నారా అమ్మా" అని నవ్వుతా పలకరించీవోడు. ఆయన మొహమ్మీద "వద్దు" అనుంటే అలగ పలకరించునా? మనింటి నీళ్ళు తాగినోడికి ఎనక్కి తిరిగీ దారి మనమే ఉంచాల. ఆడు సూసి అర్థం సేసుకోవాల. అదీ మరియాద.

అలాటి ఊర్లో టెంట్ల మీటింగు పెట్టినారు.

నువ్వప్పుడు ఇసాపట్నంలో ఆస్టల్లో ఉన్నావు, నీకు సగమే తెలుసు. సోమన్న మావ అప్పుడు సర్పంచి. మా అన్న కొడుకే గదా ఆడు, ఆడు పుట్టినప్పుడు బొడ్డు కోసింది నాను. ఆఫీసు నుంచి ఒక మేడమ్మ వొచ్చింది, సిన్నపిల్లే, మంచిగా మాటాడింది, ఆయమ్మనేటీ అనకూడదు. కింద మైదానం నుంచి ఒక టెంట్లాయన వొచ్చినాడు. పెద్దూట పైన గట్టుంది గదా, ఆ గట్టు మీద టెంట్లు ఏత్తాడంట, మంచు సూడ్డానికొచ్చీవోళ్ళు అందులో పడుకుంటారంట. మన మంచు కావాలంట ఆళ్ళకి. పట్టుకుపోండి నాయనా, ఎవుడొద్దన్నాడు? సంచుల్లో కట్టుకోని పట్టుకుపోండి. గట్టు ఎందుకు మీకు?

పెద్దూట అంటే ఏటో నీకు సెప్పాలా? నీకు మొదటి స్నానం పోసింది ఆ నీళ్ళతో. జాకరమ్మ పండక్కి ఆ నీళ్ళే, మీ పెద్దత్త సర్చికెల్లినా బాప్తీసానికి ఆ నీళ్ళే. దాని పైన గట్టు మీద పట్నపోళ్ళు మరుగుదొడ్లు తవ్వుతారు. అదీ సంగతి. అదీ ఆళ్ళడిగింది.

మీటింగు బడి వరండాలో పెట్టినారు. నాకు మొట్టమొదట ఒళ్ళు మండింది ఆ కుర్సీలు సూసి. ప్లాస్టిక్కు కుర్సీలు, వరసగా, ఒకదాన్నొకటి అంటుకోని, అన్నీ టేబులువైపే. మొగోళ్ళని అందులో కూకోబెట్టీసినారు. ఇప్పుడు నచ్చనోడు ఏటి సెయ్యాల? వీపు తిప్పుదామంటే మంట నేదు. ఎనక్కి జరుగుదామంటే ఎనకోడి మోకాళ్ళు. బుద్దయ్య తిరుగుదామని సూసినాడు, కుర్సీ కాలు ఇరుక్కోని పడబోనాడు, అందరూ నవ్వినారు. ఇంక మొగోళ్ళకి మాటెక్కడిది? నేలకేసి సూత్తా కూకున్నారు, సంతలో మేకలు నిలబడినట్టు.

మేం ఎనకాల కింద కూకున్నాం. టీలిచ్చినారు, బిస్కట్లిచ్చినారు. మేడమ్మ లేసి శానా సెప్పింది. ఉజ్జోగాలు, రోడ్డు, లైట్లు. సెప్పీసి, "అందరికీ సమ్మతమేనా, ఎవరికైనా అభ్యంతరం ఉందా" అని అడిగింది. ఎవుడూ మాటాడనేదు. అప్పుడు మావైపు తిరిగి, "అమ్మా, మీరేమంటారు" అంది. అంతే, దాలమ్మొదిన, సోమన్న తల్లి, ముందర్న కూకున్నాది, సుట్ట తీసింది, తిరగేసింది, నోరు మూసింది. ఆ పక్కన నాను. ఆ పక్కన బుద్దయ్య పెళ్ళాం. ఒకరి తరవాత ఒకరం, ఆ వరసా వరసంతా తిరగేసీసినాం. ఇంతకన్నా గట్టిగా ఎలగ సెప్తారే? నాకైతే అక్కడ అరిసినట్టే అనిపించింది.

ఆ మేడమ్మ మమ్మల్ని సూసి నోరు తెరిసీసింది. "అయ్యో, నోరు కాలదా అమ్మా!" అంది. అని, ఫోను తీసి పొటో తీసింది. మేం వద్దంటన్నాం, ఆయమ్మ పొటో తీత్తంది! ఇంకొంచెం దగ్గరికి జరగండమ్మా అంటంది! నిప్పెట్టుకోని కూకున్నాం గదా, నవ్వనూ నేం, తిట్టనూ నేం. మా కళ్ళమ్మట నీళ్ళు. పొగకి అనుకున్నాది గావాల.

ఆయమ్మకి తెల్దు, వొదిలీ. తెల్దు కాబట్టి నాకు కోపం నేదు. కొంచెం ఉంది, ఎక్కువ నేదు. నా కోపమంతా సోమన్న మీద. ఆడు టేబులు దగ్గర మేడమ్మ పక్కనే కూకున్నాడు. ఆడు సూసినాడే! ఆళ్ళమ్మని సూసినాడు. నన్ను సూసినాడు. నా కళ్ళూ ఆడి కళ్ళూ కలిసినాయి. ఈ ఊర్లో పుట్టినోడు, ఆ సుట్ట పొగలోనే పెరిగినోడు, ఆడికి తెల్దా? తెలుసు. తెలిసీ ఏటి సేసినాడో తెలుసా? ఒంగినాడు. టేబులు కిందకి ఒంగి, జోడు వారు సవరించుకున్నాడు. ఎంతసేపు సవరించుకున్నాడో! ఆ జోడుకేటైందని అంత సవరింపు? మేమందరం ఆడు తలెత్తుతాడేమో అని సూత్తన్నాం. ఎత్తనేదు. అలగ కిందనుంచే, "అందరికీ ఇట్టమే మేడమ్" అన్నాడు. టెంట్లాయన సప్పట్లు కొట్టినాడు. కుర్సీల్లో మొగోళ్ళు కూడా కొట్టినారు, ఏటి సెయ్యాలో తెలీక.

"మామ్మా, ఒక్క మాట. అప్పుడే చుట్ట తీసేసి, నోరు తెరిచి వద్దని అనొచ్చు కదా?"

ఇదిగో! ఇదిగో, నువ్వూ అదే మాటన్నావు. నాకు తెలుసు అంటావని.

సోమన్నా ఇదే మాటన్నాడు. ఆ సాయంత్రం నాను ఆళ్ళింటికెళ్ళినాను. దాలమ్మొదిన పొయ్యి కాడ అటు తిరిగి కూకోనుంది, కొడుక్కి కూడు పెట్టనేదు. నాను ఆణ్ణి అడిగినాను, "సూసినావా నేదా?" అని. "సూసినానత్తా" అన్నాడు. "మరి?" అన్నాను. "మీరు నోటితో వద్దన్నేదు గదా" అన్నాడు. ఎలగుంటాదే నాకు? ఆళ్ళమ్మ కన్ను తిప్పితే ఇంట్లోకి పరిగెత్తీ గుంటడు, మాటొచ్చీదానికి ముందే మా సైగలు నేర్చుకున్నోడు, నాకు నోటితో సెప్పనేదు అంటాడా? ఆఫీసోళ్ళ మాట ఆడి నోట్లోకి ఎప్పుడొచ్చిందో, ఎలగొచ్చిందో!

నిజం సెప్పాలంటే ఆడి కారణం ఆడికుంది. ఆడి పెళ్ళాన్ని నొప్పులొచ్చినప్పుడు డోలీ కట్టి కొండ దించినారు, దార్లోనే పసిపిల్ల పోయింది. ఆడికి రోడ్డు కావాల. రోడ్డొత్తాదంటే ఆడు దేనికైనా ఒంగుతాడు. నాకు తెలుసు. నాకూ ఏడుపొత్తాది ఆ పిల్లని తలుసుకుంటే. కానీ తెలిసీ సూడనట్టు ఉండడం ఉంది సూడు, అది నా వల్ల కాదు. తెలీనోడికి సెప్పుకోవచ్చు. తెలిసీ ఒంగిపోయినోడికి ఎక్కడ సెప్పుకుంటాం?

రోడ్డేటైంది? వొచ్చింది. టెంట్ల దాకా వొచ్చి ఆగిపోనాది. ఇప్పటికీ మనూరికి డోలీయే. ఆ తరవాత వానల్లో పెద్దూట నీళ్ళు కంపు కొట్టినాయి. గుంటలందరికీ కడుపులు జారినాయి, నీ తమ్ముణ్ణి ఆస్పత్రిలో ఏసి తెచ్చుకున్నాం. అప్పట్నుంచీ అవతలి కొండ సిన్నూటకే పోతన్నాం అందరం, దిగి, ఎక్కి, బిందె తలమీదెట్టుకోని. మీ అమ్మ మోకాళ్ళు అందుకే పోయినాయి. ఆఫీసుకెళ్ళి సెప్పుకుందామంటే ఆ మేడమ్మకి బదిలీ అయిపోనాదన్నారు. కొత్తాయన "మీ ఊరు ఒప్పుకున్నాది గదమ్మా" అన్నాడు.

ఇంకో సంగతి నీకు తెల్దు, ఇప్పుడు సెప్తన్నాను. ఆ పొటో ఉంది గదా, మేడమ్మ తీసింది? అది టెంట్లాయన దగ్గరికి ఎలగెళ్ళిందో ఎల్లింది. పెద్దది సేయించీసి, టెంట్ల ముందర్న బోర్డు మీద అంటించినాడు. కింద ఏదో రాసుంది. నాకు సదువు రాదు, మన పక్కింటి గుంటని సదవమన్నాను. "మా కొండలకు స్వాగతం" అని రాసుందంట! స్వాగతం! దాలమ్మొదిన, నాను, బుద్దయ్య పెళ్ళాం, అందరం నోట్లో నిప్పెట్టుకోని, కళ్ళమ్మట నీళ్ళు కారిపోతా, రావద్దురా బాబూ అంటన్నాం. కింద స్వాగతం అని రాసుంది. కార్లాపుకోని ఆ బోర్డు ముందర నిలబడి పొటోలు దిగుతన్నారు జనం. దాలమ్మొదిన సచ్చిపోయీ ముందర ఒకసారి నన్ను అడిగింది, "ఆ బోర్డు ఇంకా ఉందా?" అని. నేదొదినా, గాలికి పడిపోనాది అని సెప్పినాను. ఉంది. నిన్న కూడా సూసినాను.

ఏటే, గింజలు ఏరడం మానీసినావు?

నీ మాటకే వొత్తన్నాను ఆగు. నోరు తెరిసి వద్దనొచ్చు గదా అన్నావు. అనొచ్చు. అన్నేదు. మాకు అది మాటే. మా అమ్మకి, మా అత్తకి, ఆళ్ళ అమ్మలకి అది మాటే. పాచిపెంట ముసిలాయనకి అర్థమైంది, మా మావగారికి అర్థమైంది. ఒక పెద్ద ఆఫీసు మొత్తానికి అర్థం కాకపోతే, సొంత మేనల్లుడే అర్థం కానట్టు ఒంగిపోతే, తప్పు మా సుట్టదా? నాకు ఇప్పటికీ తెల్దు. ఎన్నిసార్లు అనుకున్నానో, ఆ రోజు సుట్ట ఉమ్మీసి లేసి నిలబడుంటే ఏటయ్యీది అని. ఏటీ అయ్యీది కాదేమో. ఒక ముసిల్ది అరిసింది అనుందురు.

సర్లే. ఇప్పుడు రేపటి సంగతి. రేపు మళ్ళీ ఆయనే వొత్తన్నాడు, ఆ టెంట్లాయన. ఇప్పుడు సిన్నూట గట్టు కావాలంట. ఉన్నదొక్కటే మంచినీళ్ళ ఊట, అదీ కావాలంట. అది కూడా పోతే ఎక్కడికి పోతామే బిందెలట్టుకోని? నువ్వే టేబులు కాడ కూకుంటావు, నువ్వే అడుగుతావు, "అందరికీ సమ్మతమేనా" అని. ఎవులు తిరగేత్తారే సుట్ట? దాలమ్మొదిన పోయింది. బుద్దయ్య పెళ్ళానికి నోట్లో పుండు, కూతురింటికి ఎలిపోనాది. మీ అమ్మ ఈడోళ్ళకి అలవాటే నేదు, మంచిదే, నోళ్ళు కాలకండా బతుకుతారు. మిగిలిందాన్ని నానొక్కర్తిని. నా సుట్టలు నువ్వు దాసీసినావు.

అందుకే ఇను. రేపు ఆ కుర్సీలు బళ్ళో పెట్టించీ. కళ్ళంలో పెట్టు మీటింగు. పొద్దున్నే సలికి నెగడు ఏయించు, ఎవుడూ తప్పనడు. మొగోళ్ళకి తిరగడానికి సోటుంటాది. ఆళ్ళ వీపులు సూడు. ఒక్కొక్క వీపూ సూడు, ఎవుడు సలి కాసుకుంటన్నాడో, ఎవుడు వద్దంటన్నాడో నీకు తెలుసు, నువ్వీ ఊరి పిల్లవి. ఆ ఫోన్లో బొమ్మలు అక్కర్నేదు నీకు.

ఇంక నాను. నాను ఎనకాల కూకోను. ముందుకొచ్చి కూకుంటాను. నోరు ఖాళీగా ఉంది గదా, మాటాడతాను. సిన్నూట ఇవ్వం అంటాను, ఆయన మొహమ్మీదే అంటాను. మా మావగారుంటే సిగ్గుతో సచ్చిపోదురు. మా అమ్మయితే నన్ను కొట్టును. ఏటి సేత్తాం? ఇంకోలాగ సెప్తే పొటోలు తీసుకుంటన్నారు.

అయితే నువ్వు ఒకటి సెయ్యాల. ఇలగ నావైపు తిరుగు.

ఇందాకట్నుంచీ సూత్తన్నాను నిన్ను. జోడు ఇప్పమన్నాను, ఇప్పనేదు. నీ సెయ్యి దాని వారు మీదే ఉంది. నిన్న ఎవురో ఫోన్లో నీతో అన్నారు, "మీటింగైన సాయంత్రానికి తేల్చీమ్మా, అందరూ ఒప్పుకున్నట్టు పంపించీ" అని. పొయ్యి కాడున్నాను, ఇనబడింది. సెవిటిదాన్ని కాదని సెప్పినాను గదా. నువ్వు "సరే సార్" అన్నావు. అనీసి, రాత్రి కూడు తిన్నేదు. పొద్దున్నే ఫోనట్టుకోని నా దగ్గరికొచ్చినావు, మామ్మా, మీటింగుల్లో ఎలగుండీదో సెప్పవా అని. ట్రైనింగు కోసం కాదు నువ్వొచ్చింది. నాకు తెల్దేటి?

ఏడవకు. తిట్టడం నేదు నిన్ను. నీ ఉజ్జోగం నాకూ కావాలే. నీ మొదటి జీతంతో కొన్న దుప్పటే గదా నా వొంటి మీదున్నాది. ఉజ్జోగం వొదిలీమనడం నేదు, ఎవులతోనూ దెబ్బలాడమనడం నేదు. ఊరు ఏటన్నాదో అదే పంపించు. ఒప్పుకుంటే ఒప్పుకున్నారను, వద్దంటే వద్దన్నారను. నాను మాటాడినప్పుడు నావైపు సూడు. మీ సోమన్న మావలాగ ఒంగి జోడు సవరించుకోకు. ఇంకేటీ అడగను నిన్ను.

ఏటి?

తలూపితే కాదే. ఊపీ తలలు శానా సూసినాను నాను. నోటితో సెప్పు.

"చూస్తాను మామ్మా. మీరందరూ ఏటంటే అదే పంపుతాను."

ఆఁ. అలగ. సల్లగుండు నా తల్లీ, నీ నోరు సల్లగుండాల, నీ ఊట సల్లగుండాల. కళ్ళు తుడుసుకో, ఆ జోడు ఇప్పీసి గింజలు ఏరు, ఎండెక్కిపోతన్నాది. బేగి ఆ ఫోను ఆపీ...

ఆగాగు, ఆపకు. ఇప్పుడు నువ్వన్నావు గదా ఆ మాట, అది కూడా అందులో పడిందా? పడిందా? సరే అయితే. ఆపీ ఇంక.